అక్క వేళ, తమ్ముడి వేళ

తోడబుట్టినవారితో కలిసి, వీపున సంచి తగిలించుకొని, యూరప్ నగరాలను రైలులో చుట్టివచ్చే యాత్రల గురించి వెలువడిన రచనల్లో చర్చి శిఖరాలకూ, నదుల మీది వంతెనలకూ, వీధి అంచున కాఫీ బల్లలకూ దక్కినంత చోటు ఆ యాత్రలోని అసలు సమస్యకు ఏనాడూ దక్కలేదు. రైలు బయలుదేరే సమయానికి ఎంత ముందుగా స్టేషన్‌కు చేరుకోవాలన్నదే ఆ సమస్య. స్నేహితుల మధ్య ఇది కేవలం అభిప్రాయభేదం. భార్యాభర్తల మధ్య ఇది వేరే విషయాల మీద ఎప్పటినుంచో సాగుతున్న వివాదంలో ఒక చిన్న ప్రకరణం. అక్కాతమ్ముళ్ల మధ్య మాత్రం ఇది సిద్ధాంతం, పైగా ఇరుపక్షాల దగ్గరా చిన్ననాటి నుంచి పోగుచేసిన సాక్ష్యాధారాలున్న సిద్ధాంతం. రైలెక్కిన తరువాతైనా చర్చ ముగుస్తుందనుకోవడం అనుభవం లేనివారి ఆశ, ఎందుకంటే దిగవలసిన ఊరు రావడానికి ఎంత ముందుగా లేచి, సంచి తగిలించుకొని, తలుపు దగ్గర నిలబడాలన్నది దీనికి అనుబంధ ప్రశ్న, దాని మీద కూడా రెండు పక్షాలున్నాయి.

చర్చకు వీలుగా రెండు పదాలను ముందే నిర్వచించుకోవడం మంచిది. ‘అక్క వేళ’ అనగా రైలు సమయానికి గంటన్నర ముందు మొదలై, నీళ్ల సీసా, టికెట్టు, పాస్‌పోర్టు, మళ్లీ టికెట్టు అనే క్రమంలో తనిఖీలతో నిండి, “పదరా, టైమైపోతోంది” అనే పలుకుతో మొదలై అదే పలుకుతో ముగిసే కాలఖండం. ‘తమ్ముడి వేళ’ అనగా బోగీ తలుపులు మూసుకోవడానికి ముందున్న చివరి రెండు నిమిషాలు. “ఇంకా బోలెడు టైముంది అక్కా” అనే వాక్యం దానికి ముందున్న మొత్తం కాలానికి వర్తిస్తుంది. అక్క స్థానంలో అన్ననూ, తమ్ముడి స్థానంలో చెల్లెలినీ నిలిపినా సూత్రం చెడదు. చిన్నవారు ముందుగా, పెద్దవారు ఆలస్యంగా వచ్చే కుటుంబాలు లేకపోలేదుగానీ, వాటిని ఇక్కడ పక్కన పెట్టవచ్చు.

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అక్కనూ, జర్మనీలో ఎమ్మెస్ చదివే తమ్ముణ్ణీ తీసుకోవచ్చు. తెలుగు కుటుంబాల్లో ఈ అమరిక ఇప్పుడు ఎంత సాధారణమంటే దానికి వేరే పరిచయం అవసరం లేదు. ఈ ఇద్దరూ యాత్రకు పూనుకోగానే మొదట తెలుసుకునేది, ఒకే తల్లిదండ్రులకు పుట్టి, ఒకే ఇంటిపేరుతో, ఒకే రంగు పాస్‌పోర్టుతో తిరుగుతున్నప్పటికీ తమకు ఒకే రైలు పాస్ దొరకదని. యూరప్ వెలుపల నివసించేవారి కోసం 1959లో వచ్చినది యూరైల్ పాస్. యూరప్‌లో నివసించేవారి కోసం 1972లో, అంతర్జాతీయ రైల్వే సంఘం యాభయ్యో ఏడు సందర్భంగా, 21 ఏళ్ల లోపు వారు 21 దేశాల్లో నెలరోజులు తిరిగేందుకు మొదలుపెట్టినది ఇంటర్‌రైల్ పాస్. ఇప్పుడు రెండూ 33 దేశాల్లో చెల్లుతాయి, రెండూ ఇంచుమించు ఒకే తీరుగా పనిచేస్తాయి, కానీ ఇంటర్‌రైల్ పాస్ ఉన్నవారు తాము నివసించే దేశంలో దానిని ఒకసారి బయటకు వెళ్లడానికీ, ఒకసారి తిరిగి రావడానికీ మాత్రమే వాడుకోవాలి. దీని ఫలితంగా జర్మనీలో మూడు రోజులుండాలనుకుంటే, ఆ దేశపు వేగపు రైలైన ఐసీఈలో చుట్టపుచూపుగా వచ్చిన అక్క దర్జాగా కూర్చోవచ్చు. అక్కడే గది అద్దె కడుతూ, ఆ భాషలో పరీక్షలు రాస్తూ, చెత్తను నాలుగు రంగుల డబ్బాల్లో వేరుచేస్తూ బతుకుతున్న తమ్ముడు మాత్రం, 2023 మే నెలలో 49 యూరోలకు మొదలై ఆ తరువాత ధర పెరిగిన నెలసరి టికెట్టు మీద, ప్రతి ఊళ్లోనూ ఆగే పాసింజరులో వెనకాల రావాలి. విధానాన్ని రూపొందించినవారికి తోబుట్టువులు లేరేమో.

వయసు నిబంధన ఈ గాయం మీద మరో పొర. 27 ఏళ్ల వరకూ యువత కింద లెక్క, వారికి పాస్ ధరలో నాలుగో వంతు దాకా తగ్గింపు. 28 నిండిన అక్క పూర్తి ధర చెల్లించాలి. చిన్నప్పుడు పన్నెండేళ్లు నిండిన తరువాత కూడా ఆర్టీసీ బస్సులో “వాడు ఐదో క్లాసేనండీ” అనే అబద్ధం నీడన అర టికెట్టు మీద ప్రయాణించిన భాగ్యం ఏ సంతానానికి దక్కిందో, ఇప్పుడు ఆ సంతానానికే అధికారికంగా, ఏ అబద్ధమూ అవసరం లేకుండా, మళ్లీ రాయితీ దక్కడం చరిత్రలో కొన్ని అన్యాయాలు ఖండాంతరాలు దాటి కొనసాగుతాయనడానికి నిదర్శనం.

ఇక్కడి నుంచి వేళల సంగతి. అక్క వేళ అనేది యూరప్ స్టేషన్ల నిర్మాణానికీ, నిర్వహణకూ పూర్తిగా విరుద్ధమైనదని ముందే అంగీకరించక తప్పదు. పారిస్‌లోని పెద్ద స్టేషన్లలో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నది బయలుదేరడానికి సుమారు ఇరవై నిమిషాల ముందు మాత్రమే బోర్డు మీద వెలుగుతుంది, అంతవరకు ఆ సంఖ్య ఉండవలసిన చోట ఏమీ ఉండదు. గంటన్నర ముందు చేరుకున్న అక్క, తెర తీసే వేళ కోసం గుడి మండపంలో మెడలెత్తి నిలబడిన భక్తుల మాదిరిగా, కొన్ని వందలమందితో కలిసి ఆ ఖాళీ గడి వైపు చూస్తూ నిలబడాలి, ఎందుకంటే కూర్చోవడానికి బల్లలు బహు తక్కువ. అంకె వెలిగిన మరుక్షణం ఆ జనమంతా ఒకే దిక్కుకు కదులుతుంది. రైలు బయలుదేరడానికి రెండు నిమిషాల ముందు తలుపులు మూసుకుంటాయి. అంటే గంటన్నర జాగరణకు దక్కిన ఆధిక్యం, చేతిలో రొట్టెముక్కతో అప్పుడే లోపలికి వచ్చిన తమ్ముడితో పోలిస్తే, సరిగ్గా సున్న. పైగా ఈ నిరీక్షణ ఉచితం కాదు. చాలా స్టేషన్లలో మరుగుదొడ్డి వాడకానికి ఒక యూరో, అంటే వంద రూపాయలకు అటూ ఇటూ, చెల్లించవలసి రావడం వల్ల ముందుగా రావడమనే సుగుణానికి గంటల లెక్కన పన్ను పడుతున్నదని చెప్పవచ్చు. నీళ్లు ఎక్కువ తాగమని అక్కే చెబుతుంది, ఆ నాణెం కూడా అక్కే ఇస్తుంది.

అక్క వేళను గుర్తించి గౌరవించే రైలు యూరప్‌లో లేకపోలేదు. పారిస్ నుంచి సముద్రం అడుగున సొరంగంలో లండన్‌కు వెళ్లే యూరోస్టార్‌కు పాస్‌పోర్టు తనిఖీ, సామాను తనిఖీ ఉంటాయి గనుక చాలా ముందుగా రమ్మని వారే చెబుతారు, ఆలస్యంగా వచ్చినవారిని గేటు దగ్గరే ఆపుతారు. ఆ రైలును గురించి చదివినప్పుడు అక్క ముఖంలో కనిపించే ప్రశాంతత, లోకంలో తనవంటి ఆలోచన ఉన్న సంస్థ మరొకటి ఉందని తెలిసినప్పటిది. అయితే బ్రిటన్ షెంగెన్ ఒప్పందంలో లేదు. దానికి వేరే వీసా, వేరే రుసుము, వేరే ఫోటోలు, వేరే బ్యాంకు కాగితాలు కావాలి. తన సిద్ధాంతాన్ని నమ్మే ఒకే ఒక రైలు, తాను ఎక్కడానికి వీల్లేని రైలు కావడం అక్కకు కొత్త కాదు.

ఆదివారాన్ని మాత్రం అక్క పక్షానికి జమకట్టాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసే చట్టం ఉంది, పెద్ద స్టేషన్లలోని దుకాణాలకు దాని నుంచి మినహాయింపు ఉంది. అందువల్ల శనివారం సాయంత్రం పాలు కొనడం మరిచిన తమ్ముడు, ఆదివారం ఉదయం గంటన్నర ముందే స్టేషన్‌లో ఉన్న అక్క పుణ్యాన పెరుగూ అరటిపండ్లూ తినగలుగుతాడు. తిన్నంతసేపూ దానిని యాదృచ్ఛికమనే అంటాడు.

వేళ విషయంలో ఇటువంటి విభేదాలు అక్కాతమ్ముళ్లకే పరిమితమని భావించడం యూరప్ చరిత్ర పట్ల అన్యాయం, ఎందుకంటే ఆ ఖండం దాదాపు ఒక శతాబ్దం పాటు ఇదే తగాదా ఆడింది. రైళ్లు రాకముందు ప్రతి ఊరికీ తన సూర్యుడు, తన మధ్యాహ్నం ఉండేవి. రైళ్లు వచ్చాక ఎవరి మధ్యాహ్నం చెల్లాలన్న ప్రశ్న లేచింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో పాత వర్తకభవనం గోడ మీద ఉన్న గడియారానికి ఇప్పటికీ రెండు నిమిషాల ముళ్లున్నాయి, ఒకటి లండన్ సమయానికి, రెండోది దానికంటే పది నిమిషాలు వెనకాడే బ్రిస్టల్ సమయానికి. ఆ నగరం 1852లో గానీ లండన్ వేళకు లొంగలేదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌ల మధ్యనున్న కాన్‌స్టెన్స్ సరస్సు చుట్టూ పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా ఐదు వేర్వేరు సమయాలు నడిచేవి, అంటే పడవలో ఆ ఒడ్డుకు వెళ్లి ఈ ఒడ్డుకు వచ్చిన మనిషి ఎప్పుడు బయలుదేరాడో ప్రమాణం చేసి చెప్పడం కష్టం. జర్మనీ దేశమంతటికీ ఒకే సమయం 1893లో వచ్చింది. మన దేశంలోనూ రైళ్లు మద్రాసు సమయాన్ని బట్టి నడిచేవి, 1906లో దేశమంతటికీ ఒకే సమయం వచ్చిన తరువాత కూడా కలకత్తా 1948 వరకూ, బొంబాయి 1955 వరకూ తమ సొంత వేళను వదల్లేదు. పెద్ద నగరాలకు ఉండే ఈ పట్టుదలను పెద్ద సంతానానికి మాత్రం తప్పుగా ఎంచడం భావ్యం కాదు.

ఈ విషయంలో ఫ్రాన్స్ చేసినది మరీ లోతుగా పరిశీలించదగినది. 1891లో పారిస్ సమయాన్ని దేశమంతటికీ చట్టబద్ధం చేశారు, కానీ స్టేషన్ల లోపల గడియారాలను మాత్రం ఐదు నిమిషాలు వెనక్కి పెట్టి, రైళ్లను ఆ లోపలి గడియారం ప్రకారమే నడిపారు. వీధి వైపున్న బయటి గడియారం చట్టాన్ని చూపేది, ప్లాట్‌ఫారం మీది గడియారం దయను చూపేది. ఆయాసపడుతూ వచ్చిన ప్రయాణికుడు గడప దాటగానే ఐదు నిమిషాలు చిన్నవాడయ్యేవాడు. బయటి గడియారం అక్క, లోపలి గడియారం తమ్ముడు అని వేరే చెప్పనక్కరలేదు. ఒకే భవనానికి ముందొకటి, వెనకొకటి తగిలించి, రెండూ నిజమేనని ఒక ప్రభుత్వం ఇరవై ఏళ్లపాటు వాదించగలిగిందంటే, ఆ ప్రభుత్వంలో ఎవరికో పెద్ద కుటుంబం ఉండి ఉండాలి. అయితే ఈ ఏర్పాటులోని లోపం తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. మన ఇళ్లలో గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టే ఆచారం ఉంది. ఇంట్లో ప్రతివారికీ అది పది నిమిషాలు ముందున్నదని తెలుసు గనుక, చూసిన ప్రతిసారీ మనసులో పది తీసివేసి, ఎప్పుడు బయలుదేరాలో అప్పుడే బయలుదేరుతారు. దయగల గడియారం ఉందని తెలిసిన ఫ్రెంచి ప్రయాణికుడు కూడా ఆ ఐదు నిమిషాలను ఇంటి దగ్గరే ఖర్చు పెట్టుకొని ఉంటాడనడంలో సందేహం లేదు.

1911లో ఈ ఐదు నిమిషాల దయ రద్దయింది, ప్రపంచమంతా గ్రీన్‌విచ్ సమయాన్ని ప్రమాణంగా తీసుకుంటున్నది గనుక ఫ్రాన్స్ కూడా దానికి ఒప్పుకోక తప్పలేదు. కానీ ఒప్పుకున్న తీరే తోబుట్టువుల మనస్తత్వ శాస్త్రానికి ఒక పాఠ్యాంశం. ఆ చట్టంలో గ్రీన్‌విచ్ అన్న మాట ఎక్కడా లేదు. ఫ్రాన్స్ సమయం అనగా పారిస్ సమయాన్ని 9 నిమిషాల 21 సెకన్లు వెనక్కి జరిపినది అని మాత్రమే ఉంది, అది యాదృచ్ఛికంగా గ్రీన్‌విచ్ సమయంతో కచ్చితంగా సరిపోతుంది. ఎదుటివారి మాట నిజమేనని తేలిపోయిన తరువాత, ఆ మాట ఎత్తకుండా, వారి పేరు తలవకుండా, “నాకే ఎందుకో ఇలా అనిపించింది” అని అదే పని చేయడం ఏ ఇంట్లోనైనా పెద్దపిల్లలో, చిన్నపిల్లలో కనిపెట్టిన విద్యేగానీ, దానిని పార్లమెంటులో పెట్టి చట్టంగా ఆమోదించుకున్న ఘనత ఫ్రాన్స్‌దే. అక్క సూచించిన స్టేషన్‌లోనే దిగి, “ఇక్కడైతే నడక తక్కువని నేను మ్యాప్‌లో చూశాను” అనే తమ్ముడు 1911 నాటి ఆ చట్టానికి లోబడే మాట్లాడుతున్నాడు.

స్విట్జర్లాండ్ ఈ తగాదాను వేరే దారిలో తీర్చింది. ఆ దేశపు రైల్వే ఇంజనీరు హాన్స్ హిల్ఫికర్ 1944లో రూపొందించిన స్టేషన్ గడియారానికి కొన్నేళ్ల తరువాత ఎర్రని సెకన్ల ముల్లు చేరింది, రైలు కదలడానికి సంకేతమిచ్చే ఉద్యోగి చేతిలోని గుండ్రటి పలక ఆకారంలో. ఆ ముల్లు నిమిషం పట్టవలసిన చుట్టును 58.5 సెకన్లలోనే పూర్తిచేసి, పైన పన్నెండు దగ్గర ఆగి, ప్రధాన గడియారం నుంచి సంకేతం వచ్చేదాకా ఒకటిన్నర సెకను ఎదురుచూస్తుంది. సంకేతం రాగానే దేశంలోని అన్ని స్టేషన్లలో నిమిషాల ముల్లు ఒకేసారి ముందుకు గెంతుతుంది. అంటే ముందుగా చేరుకొని నిలబడి వేచిచూడటమనే అక్క ధర్మాన్ని ఒక దేశం గడియారంలోనే బిగించుకుంది. అయితే వేచి ఉండవలసినది ఒకటిన్నర సెకనేనని, గంటన్నర కాదని తమ్ముడు ఇదే గడియారాన్ని చూపి వాదిస్తాడు, ఆ వాదన పూర్తయ్యేసరికి ఆ గడియారం కింది రైలు వెళ్లిపోతుంది. 1982 నుంచి అక్కడ రైళ్లను గంటగంటకూ ఒకే నిమిషానికి నడిపే పద్ధతి ఉంది, జ్యూరిక్, బెర్న్, బాసెల్ వంటి కూడళ్లకు రైళ్లన్నీ గంట కొట్టడానికి కాస్త ముందు చేరి, కొట్టిన కాసేపటికి బయలుదేరుతాయి గనుక, మారవలసిన రైలు ఎదుటి ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంటుంది. ఒకటి తప్పితే మరొకటి ఉంటుందన్న ఈ ధైర్యమే అక్కకు అన్నిటికంటే అనుమానాస్పదంగా తోస్తుంది.

గడియారాలను వదిలి రైళ్లకు వస్తే, అక్క సిద్ధాంతానికి గట్టి దెబ్బ తగిలేది జర్మనీలో. జర్మనీ అనగానే నిమిషం తప్పని దేశమని ఆమె చిన్నప్పుడు విన్నది; 2024లో ఆ దేశపు దూరప్రయాణపు రైళ్లలో సమయానికి నడిచినవి 62.5 శాతమేనని, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా, అసలు రద్దయిన రైళ్లను లెక్కలోకే తీసుకోకుండా వచ్చిన అంకె అని ఆమెకు ఎవరూ చెప్పరు. స్విట్జర్లాండ్‌లో మూడు నిమిషాలు దాటితే ఆలస్యమే, అయినా అదే ఏడు అక్కడ దాదాపు 93 శాతం సమయానికే వచ్చాయి. జర్మనీ నుంచి బాగా ఆలస్యంగా వచ్చిన రైలును కొన్నిసార్లు సరిహద్దులోని బాసెల్‌లోనే ఆపివేసి, తన రైలును తన వేళకు పంపుకునే పద్ధతి కూడా ఆ దేశానికి ఉంది. గుమ్మం దగ్గరే ఆపి, “నీకోసం ఇంటిల్లిపాదీ ఆగాలా?” అని అడిగే ఈ ధోరణిలో స్విట్జర్లాండ్ ఎవరి పక్షమో స్పష్టమే. కానీ జర్మనీలో గంటన్నర ముందు వచ్చి కూర్చున్న అక్క, డెబ్భై నిమిషాలు ఆలస్యమైన రైలు కోసం మొత్తం నూట అరవై నిమిషాలు వేచి ఉంటుంది. తమ్ముడు గదిలోనే పడుకొని, ఫోనులో ఆ ఆలస్యాన్ని చూసుకొని, స్నానం చేసి, తల దువ్వుకొని, రైలుతో పాటే వస్తాడు. ఆలస్యాన్ని బట్టి మరింత ఆలస్యంగా రావడం క్రమశిక్షణ కిందికి వస్తుందా అన్నది తత్త్వశాస్త్రంలో ఇంకా తేలవలసిన ప్రశ్న. రైలు ఆలస్యానికి అక్క తమ్ముడి మీద కోప్పడటంలో న్యాయం లేదని పైకి అనిపిస్తుందిగానీ, అతడి ముఖం చూసినవారు అలా అనరు.

ఈ ఇద్దరి సిద్ధాంతాలనూ ఏకకాలంలో ఓడించిన స్థలం హామ్. పశ్చిమ జర్మనీలోని ఈ స్టేషన్‌లో బెర్లిన్ నుంచి వచ్చే కొన్ని వేగపు రైళ్లు రెండుగా విడిపోతాయి, ఒక సగం వుప్పర్టాల్ మీదుగా కొలోన్‌కు, మరొక సగం డోర్ట్‌మండ్, ఎస్సెన్‌ల మీదుగా డ్యుసెల్‌డార్ఫ్‌కు పోతుంది. ఏ బోగీ ఎక్కడికి వెళ్తుందో రైలెక్కే ప్లాట్‌ఫారం మీదే అక్షరాల వారీగా గుర్తులుంటాయి, బోగీల మీద ఊరి పేరూ ఉంటుంది. దేశం దాటడానికి తమ్ముడి పాస్ కూడా చెల్లే ఆ ఒక్క రోజున, వాటిని చదవడానికి అక్కకు గంటన్నర ఉంది, తమ్ముడికి నలభై సెకన్లున్నాయి. ఆమె సరైన సగంలో, కిటికీ పక్కన, ఎదుటి సీటు మీద సంచి పెట్టి తమ్ముడి కోసం ఆపి కూర్చుంటుంది. అతడు మూసుకుంటున్న తలుపులో దూరి, ఎక్కేశానని ఫోనులో ఒక బొటనవేలి బొమ్మ పంపి, రెండో సగంలో నిద్రపోతాడు. వేగపు రైలు కదులుతుండగా ఒక సగంలోంచి మరొక సగంలోకి నడిచే దారి లేదు. హామ్ దాటిన తరువాత ఒకే రైలెక్కిన తోబుట్టువులు రెండు దారుల్లో, రెండు ఊళ్ల వైపు పోతూ, తప్పు ఎవరిదన్న విషయం మీద ఫోనులో వాదించుకుంటారు, సొరంగం వచ్చినప్పుడల్లా ఇద్దరూ తామే గెలిచామనుకుంటారు.

ముందస్తు సీటు రుసుముల గురించి కూడా రెండు మాటలు చెప్పవలసి ఉంది. ఎక్కడంటే అక్కడ ఎక్కి, నచ్చినచోట దిగవచ్చునన్న ప్రచారంతో అమ్ముడయ్యే పాస్, ఫ్రాన్స్, స్పెయిన్‌ల వేగపు రైళ్లకూ, రాత్రి రైళ్లకూ వచ్చేసరికి సీటు కోసం విడిగా డబ్బు చెల్లిస్తేగానీ పనికిరాదు. కొన్ని రైళ్లలో పాస్ ఉన్నవారికి కేటాయించిన సీట్లు అయిపోతే, మిగతా సీట్లు ఖాళీగా ఉన్నా ఎక్కనివ్వరు. స్వేచ్ఛను ఒకసారి టోకుగా అమ్మి, తరువాత చిల్లరగా మళ్లీ అమ్మే ఈ పద్ధతిని ఎంత తిట్టినా తక్కువే. తప్పిపోయిన రైలు రుసుము ఎవరి ఖాతాలో పడాలన్నది ప్రతి రాత్రి హాస్టల్‌లో, పై బెర్తులో ఒకరు, కింది బెర్తులో ఒకరు పడుకొని, అదే గదిలో నిద్రపోవాలనుకున్న మరో నలుగురు దేశదేశాల పిల్లలు వినేలా, తెలుగులో తేల్చుకునే విషయం.

అక్క వేళ ఎక్కడ పుట్టిందో వెతకడానికి పారిస్ దాకా, జ్యూరిక్ దాకా పోనక్కరలేదు. తుని, నిడదవోలు వంటి స్టేషన్లలో రైళ్లు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో బియ్యం మూట, పచ్చడి జాడీ, పరుపుచుట్ట, నీళ్ల బిందె, ఇద్దరు పిల్లలు రిజర్వేషన్ లేని బోగీలోకి ఎక్కాలి, తప్పితే వేసవి సెలవుల్లో ఉన్న ఆ ఒక్క ప్రయాణం తప్పినట్టే, మరో రైలుకు డబ్బు లేదు. నాన్న సామాను చూసుకునేవాడు, అమ్మ చంకలో ఏదో ఒకటి ఉండేది, కాబట్టి తమ్ముడి చేయి పట్టుకొనే పని ఏడెనిమిదేళ్ల ఆడపిల్లకు అప్పగించేవారు. “వాణ్ణి వదలకు” అని చెప్పినవారు, ఎప్పటివరకో చెప్పలేదు. ఆ పిల్లవాడు ఆ తరువాత జీవితంలో ఏ రైలుకూ తొందరపడలేదు, ఎందుకంటే తొందరపడవలసినదంతా అతడి తరఫున మరొకరు పడిపోయారు. అతడి నింపాదితనం స్వభావం కాదు, ఆమె కంగారు మీద నిలబడిన వసతి. ఈ సంగతి అతడికి ఎప్పటికైనా తట్టవచ్చు, తట్టేనాటికి ఆమె సెలవు అయిపోయి, అతడు ఒక్కడే ప్రయాణించవలసిన రోజులు వస్తాయి, అప్పుడు ఆలస్యంగా వస్తే రైలు పోతుంది, అంతే, ఎవరూ తిట్టరు. పెళ్లిళ్లు, ఉద్యోగాలు, పిల్లల బడులు మొదలైన తరువాత తోబుట్టువులిద్దరూ ఒకే బెంచీ మీద గంటన్నర ఊరికే కూర్చునే సందర్భాలు ఎన్ని మిగిలి ఉంటాయో ఏ రైల్వే సంస్థ పట్టికలోనూ ఉండదు.

ఇక ఆచరణకు సంబంధించిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. పాస్ ఇప్పుడు ఫోనులోనే ఉంటుంది, ఎక్కబోయే ప్రతి రైలును ముందుగా అందులో నమోదు చేసి, తనిఖీకి వచ్చిన ఉద్యోగికి చూపాలి. నమోదు చేయడం మరిచినా, ఫోను చార్జింగ్ అయిపోయినా పాస్ లేనట్టే. తమ్ముడి ఫోను ఎప్పుడూ పదకొండు శాతంలో ఉంటుంది, చార్జర్ వైరు అక్క సంచిలో ఉంటుంది, ఆ సంచి రైలు ఏ సగంలో ఉన్నదన్నది హామ్ దాకా వెళ్తేగానీ తెలియదు. ఈ ఇబ్బందికి ఇద్దరూ చెరొక వైరు కొనుక్కోవడమే పరిష్కారమని బయటివారు సూచిస్తారు. కొన్నారు కూడా. రెండు వైర్లూ అక్క సంచిలోనే ఉన్నాయి.